నర్సింగము సింహాల సోఫాను సాగనంపిన వైనము

ఏ ఏటి వానకాలమున కోరుట్ల వాగు వంతెన నెత్తిన కాలు మోపి, కట్ట మీది గాజుల దుకాణపు రేకుల డబ్బాను నిలువునా ఎత్తుకొని పోయి, ఒక్క గాజైనను చిట్లనీయక ఆవలి ఊరి మక్కచేనులో దించిపోయెనో, ఆ మహావరదకు మూడవ ఏట, శ్రావణ మేఘములు ఆకాశమనెడు కల్లములో తడిసిన వడ్లవలె పరచుకొనియుండగా, పసుపు వాసనల జగిత్యాలకును, బీడీ ఆకుల కోరుట్లకును, సాంచాలనెడు మరమగ్గముల చప్పుళ్ళ సిరిసిల్లకును నడుమ ఒక ఘోర సంగ్రామము జరిగెను. అందులో నెత్తురు చిందలేదు. అబద్ధమెందుకు, ఒక్క బొట్టు చిందినది. అది ఎవరిది, ఎక్కడిది అన్నది సమయము వచ్చినప్పుడు చెప్పబడును.

ఓ గణనాథా! నీవు స్వయముగా ఏనుగు తల మోయువాడవు. ఇరుకు దర్వాజాలో పెద్ద సామాను పట్టించు కష్టము నీకుగాక మరెవరికి తెలియును? ఈ కథను మూలలు తగులకుండ, గోడ సున్నము రాలకుండ బయటపడవేయుము.

కథానాయకుడు నర్సింగము. వాగు దిక్కు వాడలో రెండర్రల పెంకుటిల్లు అతని రాజ్యము. ఊరి బయటి చెరుకు మడి అతని సామంతదేశము. వాకిట కూర్చుండి బీడీలు చుట్టెడు జమున అతని పట్టమహిషి. సిరిసిల్లలో మెట్టిన సుధ అతని ఏకైక పుత్రిక. మితభాషణమార్తాండుడు, మౌనవ్రతధురంధరుడు, ఊఁకారైకాయుధుడు అని అతనికి బిరుదులు. పెండ్లిచూపులలో “పిల్ల నచ్చిందా” అని అడిగినప్పుడు “ఊఁ” అనెను. పాము కరచినప్పుడును “ఊఁ” అనెను. అట్టి మహానుభావునకు లోకమున కోరదగినది ఒక్కటే యుండెను: ముందర్రలో, కిటికీ పక్కన, ఇంటికంతటికి ఉన్న ఒక్క ఫంకా కింద, తన నులక మంచము. చెరుకు మడిలో నడుము విరుగునట్లు వంగిన దేహమును సాయంకాలము ఆ నులక మీద పరచి, తిరుగుచున్న ఫంకాను చూచుచు కన్ను మూయుట అతని స్వర్గము. దేవతలకు అమృతమున్నను ఫంకా లేదు కదా అని అతని లోలోపలి అభిప్రాయము.

ఇక శత్రువు. అది ఒక సోఫా. ముగ్గురు కూర్చుండదగినది, ఆరుగురు మోయవలసినది. జగిత్యాల మదన్ మోహన్ రావు దొరవారి తండ్రి, పెద్ద దొర, ముదురు టేకు మాను నిలువునా కోయించి, వడ్రంగిని ఎండాకాలమంతయు ఇంటి ముందర కట్టివేసినట్లు కూర్చుండబెట్టి చేయించినది. చేతులు పెట్టుకొను చోట, కుడి ఎడమల, రెండు సింహముల తలలు కోరలు తెరచి యుండును. ఎడమ సింహము నిక్షేపముగా నుండెను. కుడి సింహమునకు ముక్కు లేదు. ఎవరి చేతిలో ఎప్పుడు తెగెనో ఆ ఇంట ఎవరును మాట్లాడరు. ఆ కుడి చివరనే పెద్ద దొర కూర్చుండి, కనుబొమలు ముడిచి, పండ్లు కొరికి, వచ్చినవారిని వచ్చినట్లు కసరుచుండెడివాడు. నర్సింగము చిన్ననాట ఆ ఇంట జీతమున్నవాడు. గొడ్లను తోలుకొని వచ్చి, గడపకు అవతల నిలబడి, ఆ కసురులకు “ఊఁ” అని తల వంచినవాడు. అతనికి ఆ మాట అక్కడనే అలవడినదని పెద్దలందురు.

పెద్ద దొర స్వర్గస్థుడాయెను. కాలము మారెను. మదన్ మోహన్ రావు జగిత్యాలలోని పెద్ద ఇల్లు విడిచి, లిఫ్టు గల అపార్టుమెంటు పై అంతస్తునకు ప్రయాణము కట్టెను. అప్పుడు నర్సింగమునకు కబురు వచ్చెను. అతడు కడిగిన ధోవతి కట్టి, బస్సెక్కి, పోయి, అలవాటు చొప్పున గడప అవతల నిలబడెను.

“ఏం నర్సింగం, మంచిగున్నవా?” అనెను దొర. “గీ సోఫా సూడు. మా నాయిన కూసున్నది. లిఫ్టుల పడ్తలేదు. పారేద్దమంటె పానం ఒప్పుతలేదు. ఇంకెవలకియ్యాలె చెప్పు? నువ్వయితె మంచిగ సూస్కుంటవు. నీకే ఇస్తున్న, తీస్కపో.”

దొరసాని దమయంతి మూటలు కట్టించుచు, “జమునకు గూడ కూసునేతందుకు అక్కరకస్తది నర్సింగం,” అనెను.

అప్పుడు నర్సింగము అంతరంగమున లేచిన గర్జనము వినుడు: ‘ఓ రాజా! కరుణాసముద్రా! నా ఇల్లు రెండర్రలది, నీ సోఫా మూడర్రలది. నా దర్వాజా సన్నము. నా ఫంకా ఒక్కటి, దాని కింద నా మంచమొక్కటి. ఈ దారుమయ దిగ్గజమును నా కొంపలోనికి తోలుటకంటె నన్నే దీనికి ఐదవ కాలుగా బిగించి మీ అపార్టుమెంటునకు మోయించుకొనరాదా? వద్దు! ముమ్మాటికి వద్దు!’ ఆ ‘వద్దు’ బొడ్డు కాడ పుట్టి, గుండె దాటి, గొంతెక్కి, పండ్ల వెనుకకు వచ్చి నిలిచెను. అక్కడ చిన్ననాటి నుండి కావలి యున్న ఏదో ఒకటి దానికి కట్టె అడ్డము పెట్టెను.

“ఊఁ,” అనెను నర్సింగము.

ఆ సాయంకాలమే దొరవారి సామాను లారీ కోరుట్ల త్రోవ పట్టెను.

సోఫా ముందర్రలో అడుగుపెట్టిన క్షణమున నులక మంచము దేశభ్రష్టమాయెను. దానిని తీసికొనిపోయి బయట రేకుల కింద, బర్రెకు ఇవతల వేసిరి. ఆ రేకునకు ఒక రంధ్రము. శ్రావణమాసపు వాన ఆ రంధ్రమును వెదకి పట్టుకొని, సరిగా నిద్ర పట్టు వేళకు, నర్సింగము ఎడమ చెవిలో ఒక్కొక్క చినుకు వేయుచుండెను. అటు తిరిగి పడుకొనినచో బర్రె తోక. ఇటు కర్ణమున జలధార, అటు కపోలమున పుచ్ఛతాడనము. ఈ రెంటి నడుమ మహావీరుడు తెల్లవారు వరకు ఫంకాను తలచుకొని నిట్టూర్చెడివాడు.

“ఇల్లు మనదా, గా సోఫాదా?” అని జమున మొదలుపెట్టెను. “దొర ఇస్తె మాత్రం? నీకు నోరున్నది గద, వద్దనరాదా? దేవుడు నీకు నోరు బువ్వ తినేతందుకే ఇచ్చిండు.”

“ఊఁ.”

“మల్ల ఊఁ! పోనీ, ఎట్లాగు అచ్చింది, దాని మీదనన్న కూసో!”

కాని అతడు కూర్చుండలేదు. బీడీలు చుట్టువారు వచ్చి కూర్చుండిరి. పక్కింటి అవ్వ వచ్చి కాళ్ళు పైకి పెట్టుకొని కూర్చుండెను. ముక్కు లేని సింహము నోటిలో జమున ఆకు కత్తెర దాచెను. కుడి చివర, పెద్ద దొర స్థానమున, తునికాకు మూట కొలువు తీరెను. ఇంటి యజమాని మాత్రము లోపలికి వచ్చినప్పుడెల్ల, ఆ రెండు సింహములను చూచి, అప్రయత్నముగా కండువా భుజము మీది నుండి చంకలోనికి దించి, గోడకు ఆనుకొని నిలబడి చాయ త్రాగి వెడలిపోవుచుండెను. ఎందుకని ఎవరును అడుగలేదు. అడిగినను అతడేమి చెప్పవలెను?

ఒక ఉదయమున రేకుల కింద, తడిసిన చెవిని కండువా కొసతో తుడుచుకొనుచు, అతడు భీషణ ప్రతిజ్ఞ చేసెను: ‘ఈ సింహద్వయమును నా గడప దాటించనిచో నేను నర్సింగమును కాను! ఫంకా కింద నా మంచము మరల వేయనిచో నా నడుము నడుము కాదు!’ బర్రె ఒక్కటియే అతని ముఖము చూచి, ఏదో తెలిసినట్లు, నెమరు ఆపెను.

ప్రథమ యుద్ధము పాత సామాన్ల ఆటోతో. వీధి మొదట దాని మైకు శంఖమువలె మ్రోగెను: “పాత ఇనుప సామాన్లు కొంటం! పాత కూలర్లు, ఖరాబైన మోటర్లు, పలిగిన డ్రమ్ములు కొంటం!” నర్సింగము వాకిట నిలిచి చేయెత్తెను. ఆటోవాడు దిగి, లోపలికి తొంగి చూచి, పెదవి విరిచెను.

“గిది కట్టెనాయె కాకా. కట్టె మాకెందుకు? ఇనుము గిట్ట ఉంటె చెప్పు, గిప్పుడే ఎత్తుకపోత.”

అందులో ఇనుము లేదని నర్సింగము నిశ్చయము. శ్రోతలారా, ఈ ‘ఇనుము’ అను మాట కొంగున ముడివేసికొనుడు, ముందు పనికివచ్చును. ఆటో సాగిపోయెను. మైకు రెండు వీధుల అవతలి నుండియు పలిగిన డ్రమ్ములను పిలుచుచునే యుండెను.

ద్వితీయ యుద్ధమునకు వ్యూహము జమునది. పై వాడలో మూడు బాటలు కలిసెడు చోట, దుర్గవ్వ అను ఆమె ఇంటి మొగమున, పొద్దుగూకు వేళ సోఫాను పెట్టి రావలెను. కావలసినవాడు ఎవడో మోసికొని పోవును. “ఊరికె ఇచ్చేది ఎవలకు చేదు?” అనెను ఆమె. చెరుకు మడి కూలీల సాయముతో సోఫా మూడు బాటల కాడికి చేరెను. అంతలో జమునకు మనసున ఒక భక్తి పుట్టెను. ఎంతయైనను ఇంటిలో నిలిచిన వస్తువు. ఇంటి లక్ష్మి దానివెంట పోకుండ ఒక మర్యాద చేయవలెను గదా! కావున ఆమె రెండు సింహముల నొసళ్ళకు దండిగా పసుపు పూసి, కుంకుమ పెట్టి, నడుమ ఒక నిమ్మకాయ కోసి పెట్టి, రెండు ఊదువత్తులు ముట్టించి, చేతులు జోడించి ఇంటికి వచ్చెను. నర్సింగము అంతయు చూచుచునే యుండెను. అతనికి ఒక అనుమానము రాకపోలేదు. కాని ఆమె వెనుకనే ఇంటి దారి పట్టెను.

తెల్లవారి వాకిలి ఊడ్చుటకు చీపురుతో వెలువడిన దుర్గవ్వ కేక విని కోరుట్ల కాకులన్నియు ఒక్కసారి ఎగిరెను.

“ఓ అవ్వో! ఓ అయ్యో! మా ఇంటి మొకాన ఎవలో మంత్రం పెట్టిండ్రు! నిమ్మకాయ పెడితె సూసిన, కోడిగుడ్డు పెడితె సూసిన, సోఫా పెట్టి మంత్రం జేసుడు నా పుట్టువడిల సూడలే! ఇది పెద్ద మంత్రం! ఇది మలయాళపోళ్ళ మంత్రం!”

పాలవాడు బండి మళ్ళించెను. బడి పిల్లల ఆటో దూరము నుండియే చూచి, చుట్టు తిరిగి పోయెను. కోడి ఒకటి సోఫా ఎక్కి కూర్చుండగా దాని యజమానురాలు అది ఇక తనది కాదని ప్రకటించెను. పగటివేళకు, ఆ సోఫాను ముట్టినవాడు నెత్తురు కక్కునని, దానికి రాత్రి కండ్లు మెరిసెనని వార్త పుట్టెను. దుర్గవ్వ, ఇది ఎవరు పెట్టినదో వానిని వాడు తినెడు కూటితో సహా, వాని పంట మడితో సహా తిట్టుట ఆరంభించెను. ఇక మడి అన్నప్పుడు నర్సింగము ఓర్వలేకపోయెను. తిన్నగా పోయి, ఎవరి వంకయు చూడక, సోఫా కాలు పట్టుకొని ఇంటివైపు గుంజుట మొదలుపెట్టెను.

దుర్గవ్వ చేతి చీపురు జారెను. “నీదా అన్నా? గిది… నువ్వు పెట్టినవా?” ఆమె గొంతు సన్నమాయెను. “ఎవల మీద పెట్టినవే?”

అతడు గుంజెను.

అటు పిమ్మట కొన్నాళ్ళు వీధిలో అతడు నడచుచుండగా పెద్దలు లేచి పక్కకు జరిగిరి. ఎన్నడును పలుకరించనివారు “అన్నా, మంచిగున్నవా” అని పలుకరించిరి. ఇంతటి గౌరవము అతనికి జన్మలో దక్కలేదు. కాని గౌరవము చెవిలో పడు చినుకును ఆపదు.

అట్టి నిరాశాంధకారమున సిరిసిల్ల నుండి సుధ ఫోను మెరుపువలె వచ్చెను. అల్లుడు మస్కట్‌లో కష్టించి పంపగా, ఆనందము అను వియ్యంకుడు దగ్గరుండి కట్టించిన కొత్త ఇంటికి గృహప్రవేశము. అందరును రావలెను.

జమున ఫోను పెట్టి, భర్త వంక చూచెను. “కొత్తింటికి పోయెటప్పుడు ఉత్త చేతులతోని పోతమా?” అనెను. ఆ మాట ముగియలేదు, ఇద్దరి చూపులును ఒక్కసారే తిరిగి, సింహముల మధ్య కలిసికొనెను.

“వియ్యపోళ్ళు తెచ్చింది వద్దంటరా?” జమున గొంతు తగ్గించి అడిగెను. “అనలేరు. దొర ఇస్తె మనం అన్నమా?”

“ఊఁ!” అనెను నర్సింగము. ముప్పది యేండ్ల సంసారమున అట్టి ఊఁకారమును జమున వినియుండలేదు. అందులో భేరీమృదంగములు మ్రోగెను.

సన్నాహములు మొదలాయెను. దూది పరుపు మాసినదని తీసివేసిరి. కూర్చుండు పలకను అట్లే విడిచి, సింహములను మాత్రము ఉప్పు కాగితముతో రుద్ది, వార్నీసు పూసి, పెండ్లికొడుకులను చేసిరి. ముక్కు లేని సింహమునకు నర్సింగము స్వహస్తములతో లప్పము పిసికి ముక్కు పెట్టెను. ఆ ముక్కు సింహము ముక్కువలె గాక మేనత్త ముక్కువలె వచ్చినదని జమున అనెను. అయినను ముక్కు ముక్కే. గృహప్రవేశపు నాడు, కోడి కూయకముందే, దుబాయి విడిచి వచ్చి ట్రాలీ ఆటో నడుపుకొనుచున్న రమణ వచ్చి వాకిట బండి నిలిపెను. సోఫా దర్వాజాలో అడ్డము పడి కదలదాయెను.

“అచ్చినప్పుడు, మొన్న బయటికి పోయినప్పుడు ఎట్ల పట్టింది కాకా?” అని రమణ చెమట తుడుచుకొనెను. “దీనికి పోబుద్ధయితలేదు. నీ మీద పానం పెట్టుకున్నది!”

నర్సింగము దర్వాజా రెక్కలు ఊడబెరికెను. సోఫా బయటపడెను. గోడ సున్నము రాలనే రాలెను. గణనాథునకు కూడ అన్నియు సాధ్యము కావు.

కథలాపూర్ దాటిరి, రుద్రంగి దాటిరి. మక్కచేన్ల నడుమ, ట్రాలీ వెనుక భాగమున, తాళ్ళతో బంధింపబడిన సింహముల పక్కన కొత్త విస్తరాకుల కట్టను పట్టుకొని జమున కూర్చుండెను. ముందర రమణ పక్కన నర్సింగము విజయోన్ముఖుడై మీసము దువ్వుచుండెను. వేములవాడ గుడి గోపురము కనబడినది, ఇక సిరిసిల్ల ఎంత దూరము అనుకొనుచుండగా ఫోను మ్రోగెను.

“నాయినా, ఏడిదాక అచ్చిండ్రు?” అని సుధ సంబరముగా అడిగెను. “ఒక్క ముచ్చట చెప్పుడు మర్షిన. దొరను, దొరసానిని గూడ పిలిచిన. నా పెండ్లికచ్చిండ్రు గద, కొత్తింటికి పిలువకుంటె ఎట్లని. అస్తమన్నరు. జగిత్యాలకెళ్ళి బయలెల్లిండ్రట!”

మీసము మీది చేయి మీసము మీదనే నిలిచిపోయెను. దొర ఇచ్చిన సోఫా. ‘నువ్వయితె మంచిగ సూస్కుంటవు’ అని నమ్మి ఇచ్చినది. దానికి వార్నీసు పూసి, ముక్కు పెట్టి, తాళ్ళతో కట్టి, మరొకని కొంపలో దింపబోవుచుండగా, అదే కొంపకు అదే దొర! వెనుకకు తిరిగిపోదమా? పోయినచో ఉత్త చేతులతో కొత్తింట అడుగు పెట్టవలెను, రాత్రికి మరల రేకుల కింద చెవి ఒగ్గవలెను. ముందునకు పోదమా? ముందర పెద్ద దొర కొడుకు.

“వింటున్నవా నాయినా?”

“ఊఁ.”

రమణ అతని ముఖము చూచి, “ఏమైంది కాకా? బండి ఆపాల్నా?” అనెను. నర్సింగము గోపురము వంక చూచి, చేయితో ముందునకు అని సైగ చేసెను. ఆ సైగను చూచి ఎందరు సేనాపతులు సిగ్గుపడవలెనో!

సిరిసిల్లలో ఆ కొత్త ఇంటి వెనుక రేకుల షెడ్డులో సాంచాలు టకటకమని నేయుచునే యుండెను. శుభకార్యమైనను వాటికి సెలవు లేదు. వీరు చేరుసరికే వ్రతము ముగిసినది. సోఫా దిగగానే ఆనందము చేతులు చాచి ఎదురువచ్చి, దానిని చూచి, చాచిన చేతులను అట్లే ఉంచుకొనెను.

“రా బావా, రా! గిదేందే… గింత పెద్దది!”

ఆయన భార్య బాలమణి వెనుక నుండి, “ఏడ పెడ్తమయ్యా గిది?” అని చెవిలో గునిసెను.

“సప్పుడు జెయ్యకు. వియ్యపోళ్ళు తెచ్చిండ్రు,” అని ఆనందము పండ్ల సందున బదులు పలికి, పైకి నవ్వెను.

బాలమణి కూడ నవ్వు తెచ్చుకొనెను. “ఎందుకు వదినె గింత కష్టం!”

“ఉన్నదొక్క బిడ్డ వదినె,” అని జమున కొంగుతో కన్ను ఒత్తుకొనెను. “బిడ్డ కన్న ఎక్కువనా?” జమున యుద్ధమున పుట్టవలసినది, బీడీల నడుమ పుట్టెను.

సోఫాను మోసి లోపల పెట్టిరో లేదో, కారు వచ్చి నిలిచెను. మదన్ మోహన్ రావు, దమయంతి దిగి లోపలికి వచ్చిరి. జమున చప్పున ఒక దుప్పటి తీసి సింహములను కప్పెను. దొర సోఫాకు ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుండెను. ఇక వియ్యంకులకు బట్టలు పెట్టు ఘట్టము. వచ్చిన వియ్యంకుని కూర్చుండబెట్టి, బొట్టు పెట్టి, ఒళ్ళో కొత్త బట్టలు ఉంచి, భుజము మీద కండువా వేయవలెను. నిలబడినవానికి బట్టలు పెట్టరు. ఆనందము దుప్పటిని ఒక్క గుంజు గుంజెను.

“కప్పుడేంది వదినె, నలుగురు సూడాలె! కూసో బావా, నువ్వు తెచ్చిన దాని మీద నువ్వే ముందుగాల కూసోవాలె!”

సింహములు తళతళలాడెను. దొర కుర్చీలో ముందునకు వంగెను. కండ్లద్దములు సవరించుకొనెను. “గిసోంటిదే మా ఇంట్ల ఉండె,” అని మెల్లగా అనెను. “కని దానికి ముక్కు లేకుండె.”

నర్సింగము నిలబడెను. ముందర సోఫా, ఎదుట దొర, పక్కన బట్టల పళ్ళెరముతో ఆనందము, చుట్టును సిరిసిల్ల. కండువా తనంత తానే చంకలోనికి దిగెను. లోపల ఘోష: ‘ఓ జానువులారా! చెరుకు మడిలో వేయిమార్లు వంగితిరి, నాట్లలో వంగితిరి, బర్రె కింద వంగితిరి. ఇప్పుడు కట్టె మీద వంగుటకు ఏమి రోగము? వంగుడు! వంగితిరా, నాకు ఫంకా. వంగరైతిరా, నాకు బర్రె తోక!’

“నిలవడితె బట్టలు పెట్టుడెట్ల బావా? కూసోవే!”

“కూసో నాయినా,” అనెను సుధ.

అతడు కన్నులు మూసికొని, కుడి చివర, పెద్ద దొర కూర్చుండు చోటనే, కూర్చుండెను.

కూర్చుండి, అంతకంటె వేగముగా లేచెను. “ఓ యవ్వ!” అని అతని నోట వెలువడిన కేకకు సాంచాలు ఆగినవని కొందరందురు. పడకుండ పట్టు కొరకు అతడు సింహము ముఖమును పట్టెను. పట్టిన చేతిలోనికి లప్పపు ముక్కు ఊడి వచ్చెను. పరుపు తీసివేసిన ఆ పలక సందున, ఒక ఇనుప మేకు వేలిముడి పొడవున తల ఎత్తి నిలిచియుండెను. జమున తునికాకు మూట ఇన్నాళ్ళు దానిని దాచినది. దాని కొనన ఒక్క నెత్తుటి బొట్టు. ముందుగా చెప్పిన బొట్టు ఇదియే.

కాని ఎవరును మేకును చూడలేదు. అందరును ముక్కు ఊడిన సింహమును, చేతిలో ముక్కుతో నిలిచిన నర్సింగమును చూచుచుండిరి. మదన్ మోహన్ రావు లేచెను.

“గిది మాదే గద నర్సింగం? నేనిచ్చిందే గద?”

ఇచ్చట మామూలుగా ఒక ‘ఊఁ’ రావలెను. రాలేదు. గొంతులో కట్టె అడ్డము పెట్టి కావలి యున్నది ఏదో, మేకు పోటుకు అదియును ఎగిరిపడి యుండవలెను.

“నీదే దొరా,” అనెను నర్సింగము. “నువ్విచ్చిన్నాడే వద్దందమనుకున్న. నోట్లకెళ్ళి రాలె. ఇది ఇంట్లకచ్చిన కాన్నుంచి నా మంచం రేకుల కింద పడ్డది. చెవుల వాన పడుతున్నది. దీని మీద కూసోరాలె, దీన్ని తీసి పారెయ్యరాలె. నా ఇంట్ల నేనే నిలవడ్డ దొరా.”

జమున నోరు తెరచెను. అతడు పెండ్లి తరువాత పలికిన మాటలన్నియు కలిపినను ఇంత పొడుగు కావని ఆమె తరువాత ప్రమాణము చేసి చెప్పెను.

దొర ఆ లప్పపు ముక్కును తన చేతిలోనికి తీసికొనెను. “గా ముక్కు ఇరగ్గొట్టింది నేనే,” అనెను. “చిర్రగోనె ఆడంగ కట్టె తాకింది. నాయిన నన్ను గడప అవుతల నిలవెట్టిండు. పొద్దుందాక. నువ్వు గూడ ఉంటివి, నా పక్కపొంటనే. యాదికున్నదా?”

“ఊఁ.”

“గప్పటి సంది నేను గూడ దీని మీద కూసోలే. నాయిన పోయినంక గూడ కూసోలే. మల్ల గా కొత్తింట్ల గూడ దీని ముందట నిలవడాల్నా అని, లిఫ్టుల పట్టదని చెప్పిన.”

“పడుతుండె,” అనెను దమయంతి కుర్చీలో నుండి. “నేను టేపు పెట్టి కొలిచిన. ఈయననే వినలే.”

“మరి ఎందుకు ఎగిరినవు బావా?” అని అప్పటికి ఆనందమునకు అనుమానము వచ్చెను.

“సీల,” అని నర్సింగము మేకును చూపెను.

దొర వంగి, ఆ మేకును వేలితో తాకి, చప్పున చేయి వెనుకకు తీసికొనెను. అతని ముఖమున ఏదో తెల్లవారినట్లాయెను. “నర్సింగం! గిది నాయిన కూసునే జాగనే గద? గందుకేనా… గందుకేనా మనల నిలవెట్టుకోని గంత కోపం చేసెటోడు?”

“జిందగంత దాని మీద కూసుంటె ఎవలకైన కోపమస్తది,” అనెను దమయంతి.

ముందుగా బాలమణి కిసుక్కుమనెను. తరువాత సుధ. తరువాత దొర స్వయముగా, కడుపు పట్టుకొని, కన్నుల నీళ్ళు వచ్చునట్లు నవ్వెను. నర్సింగము నవ్వలేదు. అతడు పాత సామాన్ల ఆటోవానిని తలచుకొనుచుండెను. ఇనుము ఉన్నచో చెప్పుమనెను. ఇనుము ఉండెను, చెప్పువాడు లేకుండెను.

“కూసో నర్సింగం,” అనెను దొర కండ్లు తుడుచుకొనుచు. “జర ఇవుతలకు కూసో.” అని తాను వచ్చి, ఎడమ చివర, ముక్కున్న సింహము పక్కన, అరచేతితో పలకను రెండుమార్లు తడిమి చూచుకొని మరీ కూర్చుండెను. నడుమ ఒక మనిషి చోటు విడిచి నర్సింగము కూర్చుండెను. ఈసారి కండువా చంకలోనికి దిగలేదు. భుజము మీదనే యుండెను. దాని మీద ఆనందము కొత్త కండువా వేసెను. బొట్టు పెట్టిరి. బట్టలు ఒళ్ళోకి వచ్చెను. ఆ ఘడియలో సోఫా సర్వహక్కులతో ఆనందముదాయెను. ఆనందము నవ్వుచునే యుండెను గాని, దొర సాక్షిగా, కూతురు సాక్షిగా, ఊరు సాక్షిగా పుచ్చుకొన్న దానిని ఏమి చేయవలెనో తోచక అతని కండ్లు మాత్రము గది మూలలను కొలుచుచుండెను.

ఇట్లు, ఓ శ్రోతలారా, మహావరదకు మూడవ ఏట శ్రావణమున, కోరుట్ల వాగు దిక్కు వాడలో, కిటికీకిని గోడకును నడుమ, ఆరడుగుల పొడవును మూడడుగుల వెడల్పును గల సువిశాల భూఖండము శత్రుహస్తము నుండి విడిపింపబడెను. ఆ సాయంకాలమే దర్వాజా రెక్కలు ఇంకను గోడకు ఆనించియుండగా, జమున ఒక కోడు, నర్సింగము ఒక కోడు పట్టి, నులక మంచమును ఫంకా కింద ప్రతిష్ఠించిరి. బర్రె బయటి నుండి ఒక్కసారి అరచి ఊరకుండెను. చెవిలో చినుకు పడలేదు. ప్రపంచమున మరి ఏ రాజ్యము ఎవరి చేతికి పోయినను అతనికి అక్కరలేకపోయెను.

మరునాడు పొద్దెక్కినను అతడు లేవలేదు. జమున చాయ తెచ్చి పెట్టి, “ఏమయ్యా, జొరమా?” అని నుదురు ముట్టి చూచెను. అప్పుడు ఫోను మ్రోగెను. చేసినవాడు వియ్యంకుడు ఆనందము.

“బావా, మంచిగ చేరిండ్రా?” అని ఆ గొంతు తేనెవలె మొదలాయెను. “ఏం లేదే… సోఫా మంచిగున్నది. బగ్గ మంచిగున్నది. కని, సాంచాల కాడికి పోవాలంటె దాన్ని చుట్టు తిరిగి పోవాల్సస్తున్నది. బాలమణి మోకాలుకు సింహం తాకింది. నేనేమంటున్ననంటె, దొరోళ్ళ సామాను, మీ దగ్గరుంటెనే దానికి గౌరవం. రమణకు చెప్పి మల్ల నీకే పంపాల్నా?”

జమున ఫోనుకు చెవి ఒగ్గి విని భర్త వంక చూచెను.

“వద్దు,” అనెను నర్సింగము.

ఫోను ఆమె చేతిలో పెట్టెను. గోడ వైపు తిరిగి, కొత్త కండువా చెవుల మీదికి లాగికొని, మరల పండుకొనెను.